డ్రైవు అక్షరాల చిట్టా

పెళ్లి వీడియోలు కట్ చేసే మిక్సింగ్ యూనిట్లలో అప్పుడప్పుడూ ఒక గందరగోళం జరుగుతుంటుంది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తలంబ్రాల దాకా పూర్తిచేసిన ప్రాజెక్టును పొద్దున్నే తెరిస్తే టైమ్‌లైన్ మీద ఒక్క బొమ్మా కనిపించదు. ఏ క్లిప్పు నొక్కినా ‘ఆఫ్‌లైన్’ అంటుంది. హార్డ్ డిస్కు పోయిందేమోనని గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే డిస్కు నిక్షేపంలా ఉంటుంది, ఫుటేజి పెట్టినచోటే ఉంటుంది. మారింది ఒక్క అక్షరం. నిన్న ఎఫ్‌గా ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కు ఇవాళ జి అయి కూర్చుంది. మధ్యలో ఎవరో ఫోటోలు ఎక్కించుకుందామని పెన్‌డ్రైవు పెట్టారు. ఎఫ్ కాస్తా దాని పాలైంది.

ప్రాజెక్టు ఫైల్లో వీడియో ఉండదు. ఫలానా క్లిప్పు ఫలానా చోట ఉందన్న చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామా ఎఫ్ అనే అక్షరంతో మొదలవుతుంది కాబట్టి తర్వాత ఉన్న ఫోల్డర్ల పేర్లు ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు. అకౌంట్ల సాఫ్ట్‌వేరుకు చూపించిన డేటా ఫోల్డరూ, రాత్రిళ్లు దానంతటదే నడిచే బ్యాకప్పూ ఇదే గతిన పడతాయి. ఆ అక్షరాన్ని ఎవరిస్తారు, ఎక్కడ రాసిపెట్టుకుంటారు, ఒక ప్రోగ్రాము రాసి దాన్ని కదలకుండా కట్టేయాలంటే ఏం చేయాలి అన్నదే ఈ అధ్యాయం. రాయాల్సిన కోడు నిజానికి కొంచెమే. చిక్కంతా ఒక్క ప్రశ్నలో ఉంది. ఇప్పుడు పెట్టిన డిస్కు నిన్నటి డిస్కేనని కంప్యూటరుకు ఎలా తెలియాలి?

ఫ్లాపీల రోజుల్లో ఈ ప్రశ్నే లేదు. 1974లో గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ రాసినప్పుడు ఎ, బి అన్నవి డిస్కుల పేర్లు కావు, డిస్కును తోసే డ్రైవుల పేర్లు. తర్వాత వచ్చిన ఐబీఎం పీసీలో ఎడమ పక్కది ఎ, కుడి పక్కది బి. ఎడమ పక్కదాంట్లో ఏ ఫ్లాపీ పెడితే అదే ఆ పూటకు ఎ. ఒకే డ్రైవు ఉన్న మెషీనులో డాస్ ఇంకో విచిత్రం చేసేది. లేని బి డ్రైవును ఉన్నట్టే నటించి, ‘బి డ్రైవు ఫ్లాపీ పెట్టి ఏదైనా కీ నొక్కండి’ అని అడిగేది. అదే సందులో ఫ్లాపీ మార్చి పెట్టేవాళ్లు. 1983 మార్చిలో వచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. ఎ, బి రెండూ ఫ్లాపీలకు పోయాయి కాబట్టి దానికి సి దక్కింది. ఫ్లాపీలు పోయి ఎన్నో ఏళ్లయినా సి అక్కడే ఉండిపోయింది.

హార్డ్ డిస్కుతో ఒక మార్పు చడీచప్పుడూ లేకుండా జరిగిపోయింది. డ్రైవూ అందులోని డిస్కూ విడదీయరాని ఒకే వస్తువయ్యాయి. దాంతో అక్షరం చోటును చెబుతుందా, వస్తువును చెబుతుందా అని ఎవరూ అడగాల్సిన పని లేకపోయింది. యూఎస్‌బీ వచ్చి ఆ రెంటినీ మళ్లీ విడగొట్టింది. ఇప్పుడు పోర్టు వేరు, అందులో గుచ్చేది వేరు. అక్షరం మాత్రం ఒకటే.

డాస్‌కు గుర్తుపెట్టుకోవడమే తెలియదు. మెషీను ఆన్ చేసిన ప్రతిసారీ అక్షరాలను మొదటినుంచీ పంచేది. ముందు ఒక్కో డిస్కులోని ప్రైమరీ పార్టిషనుకు ఒక్కొక్క అక్షరం, ఆ తర్వాత లాజికల్ పార్టిషన్లకు. ఒకే డిస్కులో సి, డి చేసుకుని హాయిగా ఉన్నవాళ్లు ఇంకో డిస్కు కొని బిగించగానే కొత్త డిస్కు డి అయ్యేది, పాత డి కాస్తా ఇ అయ్యేది. డి అనుకుని ఫార్మాట్ కొట్టినవాళ్లకు ఏం జరిగిందో ఊహించుకోవచ్చు.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ లోలోపల అక్షరాల్ని వాడదు. దాని దృష్టిలో డిస్కులోని ఒక్కో భాగం ‘డివైస్\హార్డ్‌డిస్క్‌వాల్యూమ్3’ లాంటి పొడుగాటి పేరున్న ఒక వస్తువు. సి అన్నది ఆ వస్తువు వైపు వేలు చూపించే సింబాలిక్ లింకు మాత్రమే. పాత డాస్ ప్రోగ్రాములు కంగారుపడకుండా పెట్టిన ఏర్పాటది. లింకును తీసి వేరే అక్షరంతో పెట్టినంత మాత్రాన డిస్కు మీద ఒక్క బైటు కూడా కదలదు. ఎక్స్‌టర్నల్ డిస్కు ఎఫ్ నుంచి జి అయినప్పుడు ఫుటేజికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే.

ఈ లింకులు మెమరీలో ఉంటాయి, షట్‌డౌన్ చేస్తే పోతాయి. మళ్లీ ఆన్ చేసినప్పుడు ఎవరో ఒకరు జ్ఞాపకం పెట్టుకుని వాటిని తిరిగి కట్టాలి. విండోస్ 2000 నుంచి ఆ బాధ్యత మౌంట్ మేనేజరు అనే డ్రైవరుది. ఒకప్పుడు కరణం దగ్గర ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో చిట్టా ఉన్నట్టు, దీని దగ్గరా ఒక చిట్టా ఉంటుంది. రిజిస్ట్రీలో సిస్టమ్ కింద ‘మౌంటెడ్‌డివైసెస్’ అనే చోట దాన్ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. చూడటం వరకైతే ఏ ప్రమాదమూ లేదు.

అందులో ఒక్కో అక్షరానికి ఒక్కో వరస. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉన్న డిస్కయితే ఆ వరసలో సరిగ్గా 12 బైట్లు ఉంటాయి. ఉదాహరణకు ఇలా: 27 31 94 60 00 00 10 00 00 00 00 00. మొదటి నాలుగూ డిస్కు సంతకం. డిస్కు మొట్టమొదటి సెక్టారులోని 512 బైట్లలో 440వ బైటు దగ్గర విండోస్ రాసిపెట్టే సంఖ్య అది. మిగతా ఎనిమిదీ ఆ పార్టిషను డిస్కు మీద ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. ఇవి చిన్న స్థానం నుంచి పెద్ద స్థానానికి, అంటే మనం అంకెలు రాసే తీరుకు తలకిందులుగా ఉంటాయి. మూడో చోటున్న 10 హెక్సాడెసిమల్‌లో ఉంది కాబట్టి దాని విలువ 16. దాన్ని 65,536తో హెచ్చిస్తే 10,48,576 బైట్లు, అంటే కచ్చితంగా ఒక మెగాబైటు. విస్టా నుంచి విండోస్ మొదటి పార్టిషనును అక్కడే మొదలుపెడుతుంది. కొత్త జీపీటీ డిస్కులకు లెక్క వేరు. ‘డీఎంఐఓ:ఐడీ:’ అన్న ఎనిమిది అక్షరాల తర్వాత పార్టిషనుకున్న 16 బైట్ల గుర్తింపు సంఖ్య (జీయూఐడీ), మొత్తం 24 బైట్లు.

ఈ వరసలో డిస్కు ఏ కంపెనీదో, సైజెంతో, ఏ పోర్టుకు తగిలించామో లేదు. సంతకం, మొదలయ్యే చోటు, అంతే. అందుకే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కును ఒక పోర్టునుంచి తీసి ఇంకో పోర్టులో పెట్టినా అదే అక్షరం వస్తుంది. పార్టిషన్ సాఫ్ట్‌వేరుతో ఆ పార్టిషను మొదలును కాస్త ముందుకు జరిపితే మాత్రం చిట్టాలోని వరసతో పొంతన కుదరక, లోపలున్న ఫైళ్లన్నీ అవే అయినా, అది కొత్త ముఖం కింద లెక్క.

క్లోనింగు దగ్గర ఈ పద్ధతి అసలు బలహీనత బయటపడుతుంది. పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్త ఎస్ఎస్‌డీలోకి కాపీ చేసినప్పుడు 440వ బైటు దగ్గరి సంతకం కూడా కాపీ అవుతుంది. రెండూ ఒకే మెషీనుకు తగిలించి ఉంటే ఒకే సంతకంతో ఇద్దరు నిలబడ్డట్టు. ఇప్పటి విండోస్ రెండోదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి బలవంతంగా ఆన్‌లైన్ చేస్తే దానికి కొత్త సంతకం రాస్తుంది. అక్కడితో పీడ వదలదు. బూట్ సమాచారంలో పాత సంతకమే రాసి ఉంటుంది గనుక ఆ డిస్కు నుంచి మెషీను లేవడానికి మొరాయించవచ్చు. ఎక్స్‌పీ రోజుల్లో ఇంకా చోద్యంగా ఉండేది. క్లోన్ చేసిన డిస్కులోని చిట్టాలో సి ఎదుట పాత డిస్కు వివరాలే ఉండటంతో కొత్తది డి గానో ఇ గానో లేచేది. లాగిన్ అవ్వగానే నడవాల్సిన ప్రోగ్రాము సి లో ఉందని రిజిస్ట్రీ చెబుతుంది, సి అన్నది ఉండదు. పాస్‌వర్డు కొట్టగానే మళ్లీ లాగిన్ తెరే ప్రత్యక్షం. వైరస్ అనుకుని మొత్తం ఫార్మాట్ చేసుకున్నవాళ్లున్నారు.

చిట్టా ఉన్నా మిక్సింగ్ యూనిట్‌లో ఎఫ్ ఎందుకు పోయింది? మౌంట్ మేనేజరు జ్ఞాపకం పెట్టుకుంటుంది గానీ చోటు పట్టి ఉంచదు. ఎక్స్‌టర్నల్ డిస్కు తీసి ఉన్న సమయంలో ఎఫ్ ఖాళీగా కనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఖాళీ అక్షరాల్లో మొదటిది ఇవ్వడం దాని అలవాటు. పెన్‌డ్రైవుకు ఎఫ్ ఇచ్చి చిట్టాలో ఎఫ్ ఎదుట దాని వివరాలు రాస్తుంది, పాత వరస చెరిగిపోతుంది. ఆ తర్వాత డిస్కు వస్తే జి ఇచ్చి, ఇకమీదట జి అని నమోదు చేసుకుంటుంది. పెన్‌డ్రైవు వెళ్లిపోయినా ఎఫ్ తిరిగి రాదు. పని నడిచే డిస్కుకు ఎక్కడో చివరన ఉన్న పి నో టి నో ఇచ్చుకోవాలని అనుభవజ్ఞులు చెప్పే సలహా వెనకున్న కారణం ఇదే. దారినపోయే పెన్‌డ్రైవులు అంతదూరం రావు. చాలామందికి ఈ ఒక్క జాగ్రత్త చాలు, ప్రోగ్రామూ అవసరం లేదు.

చాలనివాళ్లు ప్రోగ్రాము రాయాలి. ఇక్కడ విండోస్ రెండు దారులు చూపిస్తుంది, ఒకటి ఉచ్చు. ‘డిఫైన్‌డాస్‌డివైస్’ అనే ఫంక్షనుతో లింకు కట్టేయొచ్చు. పాత ‘సబ్‌స్ట్’ కమాండు చేసేది అదే. చూడ్డానికి పనైపోయినట్టే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే మాయం. అది చిట్టా జోలికి పోదు. నిలిచి ఉండాలంటే ‘సెట్‌వాల్యూమ్‌మౌంట్‌పాయింట్’ను పిలవాలి. అది మౌంట్ మేనేజరుతో మాట్లాడుతుంది, మౌంట్ మేనేజరు చిట్టాలో రాస్తుంది. రిజిస్ట్రీలో మనమే నేరుగా రాసేయొచ్చు కదా అనిపిస్తుంది. రాయొచ్చు గానీ అప్పటికి ఉన్న లింకులు దానివల్ల మారవు, ఒక బైటు తప్పు పడితే తర్వాత బూట్ దగ్గర తెలుస్తుంది. ఆ దారి జోలికి పోకపోవడమే మేలు.

ఫంక్షనుకు అక్షరంతో పాటు వాల్యూమ్ పేరు ఇవ్వాలి. అది మీసాల బ్రాకెట్ల మధ్య పొడుగాటి జీయూఐడీ ఉన్న పేరు. ‘ఫైండ్‌ఫస్ట్‌వాల్యూమ్’, ‘ఫైండ్‌నెక్స్ట్‌వాల్యూమ్’ అని ఒకదాని తర్వాత ఒకటి పిలుస్తూ పోతే మెషీనులోని వాల్యూములన్నీ, అక్షరం లేనివాటితో సహా, వరసగా వస్తాయి. మనకు కావలసినదాన్ని పట్టుకోవాలి. ఒక వాల్యూముకు ఒక అక్షరమే ఉండాలన్నది మౌంట్ మేనేజరు నియమం కాబట్టి, ముందు ‘డిలీట్‌వాల్యూమ్‌మౌంట్‌పాయింట్’తో దాని పాత అక్షరం ఊడదీసి, ఆ తర్వాతే కొత్తది అంటించాలి. ఇదంతా చేయడానికి అడ్మినిస్ట్రేటరు హక్కులు కావాలి.

పేరు చివరి బ్యాక్‌స్లాష్ సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ పనికి దిగిన ప్రతివాళ్లకూ ఒక సాయంత్రం దాంతోనే గడిచిపోతుంది. మౌంట్‌పాయింట్ ఫంక్షన్లకు అది ఉండి తీరాలి. లింకు ఎటు చూపిస్తోందో చెప్పే ‘క్వెరీడాస్‌డివైస్’కు ఉండకూడదు. ‘క్రియేట్‌ఫైల్’కు ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. ఉంటే డిస్కులోని మొదటి ఫోల్డరు, లేకపోతే మొత్తం వాల్యూమే. ఒకే కంపెనీ, ఒకే కుటుంబం ఫంక్షన్లు, ముగ్గురివీ మూడు తీర్లు.

పెన్‌డ్రైవు గుచ్చిన ప్రతిసారీ ఈ పని దానంతటదే జరగాలంటే ప్రోగ్రాము నేపథ్యంలో సర్వీసుగా నడుస్తూ, కొత్త పరికరం వచ్చిందన్న కబురు కోసం ఎదురుచూడాలి. యూఎస్‌బీడీఎల్‌ఎం అనే పాత, పేరున్న ప్రోగ్రాము సర్వీసుగానే నడుస్తుంది. మామూలు యూజరు లాగిన్‌లో ఉన్నా దాని హక్కులు దానికి ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న. కావలసినదాన్ని పట్టుకోవాలి అని పైన తేలిగ్గా అనేశాం. దేన్ని చూసి పట్టుకోవాలి?

పెన్‌డ్రైవుల విషయంలో మౌంట్ మేనేజరు సంతకాన్ని నమ్మదు. చిట్టాలో 12 బైట్లకు బదులు ఒక పొడుగాటి వాక్యం లాంటిది రాస్తుంది. కంపెనీ పేరు, మోడలు, వాటి తర్వాత సీరియల్ నంబరు. యూఎస్‌బీ నిల్వ పరికరాల ప్రమాణం ప్రకారం ప్రతి పరికరానికీ కనీసం 12 అంకెల సీరియల్ నంబరు ఉండాలి, ఒకే మోడల్లో ఏ రెంటికీ ఒకటే ఉండకూడదు. చవకరకం పెన్‌డ్రైవుల్లో కొన్నిటికి అసలు నంబరే ఉండదు. అలాంటప్పుడు విండోస్ పోర్టును బట్టి తనే ఒక నంబరు కల్పించుకుంటుంది. కల్పించినదని గుర్తుపట్టడం సులువే, దాని రెండో అక్షరంగా ‘&’ ఉంటుంది. ఇలాంటి పెన్‌డ్రైవును కుడిపక్క పోర్టులో పెడితే ఒక పరికరం, ఎడమపక్క పోర్టులో పెడితే ఇంకో పరికరం.

సీరియల్ నంబరు ఉంటే గట్టి గుర్తు, ఫార్మాట్ చేసినా చెక్కుచెదరదు. వాల్యూమ్ సీరియల్ అని ఇంకోటుంది, అది ఫార్మాట్ చేసినప్పుడల్లా మారుతుంది. లేబులు మనం పెట్టుకున్న పేరు. దాన్ని ఎవరైనా మార్చొచ్చు, రెండు డిస్కులకు ఒకే పేరు పెట్టొచ్చు కూడా. లైనక్స్ ఈ ఇబ్బందిని దాచిపెట్టకుండా ముందర పరిచేసింది. అక్కడా ‘ఎస్‌డీఏ’, ‘ఎస్‌డీబీ’ అనే పేర్లు ఏ డిస్కు ముందు కనబడిందన్నదాన్ని బట్టి మారిపోతుంటాయి. అందుకని ఒక ఫోల్డరు కింద పక్కపక్కనే పెట్టి ఇస్తుంది: పరికరం గుర్తింపును బట్టి, ఫైల్‌సిస్టమ్ యూయూఐడీని బట్టి, లేబులును బట్టి, తగిలించిన దారిని బట్టి. ఏది నీ పనికి సరిపోతుందో నువ్వే ఎంచుకో అంటుంది.

ఏది సరిపోతుందన్నది పని మీదే ఆధారపడుతుంది. మిక్సింగ్ యూనిట్‌లోని ఫుటేజి డిస్కుకు డిస్కే ముఖ్యం. ఏ పోర్టులో పెట్టినా, పక్కన ఎన్ని పెన్‌డ్రైవులున్నా అది పి గానే రావాలి. అక్కడ సంతకమో పార్టిషన్ జీయూఐడీనో సరైన గుర్తు. అదే గదిలో కార్డ్ రీడరు సంగతి పూర్తిగా వేరు. కెమెరాల నుంచి పూటకో మెమరీ కార్డు వస్తుంది, రేపు వచ్చే కార్డు ఇవాళ్టికి ఎవరికీ తెలియదు. అందులో ఏ కార్డు పెట్టినా కె గానే రావాలి, కాపీ చేసే ప్రోగ్రాము కె నుంచి తీసుకోవాలి. ఇక్కడ గుర్తుపట్టాల్సింది పోర్టును. ఎ అంటే డిస్కు కాదు, డ్రైవు అన్న కిల్డాల్ నాటి పద్ధతే ఇది.

బ్యాకప్ దగ్గర మూడో రకం కనిపిస్తుంది. జాగ్రత్త ఉన్న ఆఫీసుల్లో బ్యాకప్‌కు రెండు డిస్కులు పెట్టుకుంటారు. ఈ వారం ఒకటి మెషీనుకు, రెండోది వేరేచోట బీరువాలో. వచ్చే వారం అదలు బదలు. రాత్రి బ్యాకప్ మాత్రం ఎప్పుడూ ఆర్ లోకే పోవాలి. విండోస్ లెక్కలో ఇవి రెండు వేర్వేరు వస్తువులు, సంతకాలు వేరు. ఏది తగిలించినా అది ఆర్ కావాలంటే వస్తువునూ చూడకూడదు, పోర్టునూ చూడకూడదు, అది చేయబోయే పనిని చూడాలి. లేబులు పనికొచ్చేది ఇక్కడే. రెంటికీ ఒకే లేబులు పెట్టి, ఆ లేబులు ఉన్నదానికి ఆర్ ఇమ్మని ప్రోగ్రాముకు చెప్పొచ్చు. ఇంతకుముందు లోపంలా కనిపించిన సంగతి, రెండు డిస్కులకు ఒకే పేరు పెట్టగలగడం, ఇప్పుడు అవసరమైంది. యూఎస్‌బీడీఎల్‌ఎం లాంటివి లేబులును, పోర్టును, సీరియల్ నంబరును విడివిడిగా నియమాలు పెట్టుకోనివ్వడంలో ఉన్న తెలివి ఇదే. చిట్టాకు మాత్రం వస్తువు తప్ప ఇంకోటి తెలియదు.

కోరిన అక్షరం ఖాళీగా లేకపోతే ప్రోగ్రాము ఏం చేయాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడమే అనుకున్నంత తేలిక కాదు. ఆఫీసు సర్వరు మీది ఫోల్డరును జడ్‌గా తగిలించుకున్న లింకు ఆ యూజరు లాగిన్‌కే పరిమితం, మౌంట్ మేనేజరు చూపుకు ఆనదు. ఎక్స్‌పీలో ఇలా చాలా జరిగేది. నెట్‌వర్క్ డ్రైవు ఎఫ్‌గా ఉన్నా మౌంట్ మేనేజరు పెన్‌డ్రైవుకూ ఎఫ్ ఇచ్చేది. యూజరుకు తన లింకే ముందు కనబడేది, పెన్‌డ్రైవు దాని వెనక దాక్కునేది. మెషీను గుర్తించింది, దీపం వెలుగుతోంది, ‘మై కంప్యూటర్’లో మాత్రం లేదు. సర్వీసుగా నడిచే మన ప్రోగ్రాముకూ అదే గుడ్డితనం ఉంటుంది. ఆ యూజరు రిజిస్ట్రీ భాగంలో ‘నెట్‌వర్క్’ కింద గుర్తుపెట్టుకున్న అక్షరాల పట్టిక ఉంటుంది, దాన్నీ చూసుకోవాలి.

ఖాళీ లేదని తేలితే పక్క అక్షరం ఇచ్చేయడం విండోస్ పద్ధతి. ఫుటేజి డిస్కుకైతే దానివల్ల వచ్చే నష్టం ఒక తలనొప్పి. బ్యాకప్ డిస్కుకు అలా కుదరదు. చాలాచోట్ల రాత్రి బ్యాకప్ అంటే రోబోకాపీకి ‘మిర్’ అని చెప్పి వదిలేయడమే. అవతల డిస్కు ఇవతలి ఫోల్డరుకు నకలులా ఉండాలని దానర్థం, కాబట్టి ఇవతల లేని ఫైళ్లన్నిటినీ అవతల చెరిపేస్తుంది. ఆర్ అన్న అక్షరం ఆ రాత్రి ఎవరిదో ఫోటోల డిస్కుకు దక్కి ఉంటే, తెల్లారేసరికి అందులో అకౌంట్ల ఫైళ్లు తప్ప ఇంకేమీ ఉండవు.

అందుకని ఈ రకం ప్రోగ్రాము అక్షరం అంటించాక రెండు పనులు అదనంగా చేయాలి. ఆర్ వెనక ఇప్పుడు నిజంగా ఏ వాల్యూము ఉందో ‘గెట్‌వాల్యూమ్‌నేమ్‌ఫర్‌వాల్యూమ్‌మౌంట్‌పాయింట్’తో తిరిగి అడిగి, తను ఇచ్చినదానితో సరిపోల్చుకోవాలి. ఆపైన డిస్కులో ముందే పెట్టుకున్న ఒక చిన్న గుర్తు ఫైలు ఉందో లేదో చూడాలి. ఆ ఫైలు ఇవతలి ఫోల్డరులో కూడా ఉండాలి, లేకపోతే మొదటి రాత్రే ‘మిర్’ దాన్నీ చెరిపేస్తుంది. రెంటిలో ఏది తేడా వచ్చినా ఆర్ ఊడదీసి, లాగ్ ఫైల్లో కారణం రాసి, బ్యాకప్‌ను ఆ రాత్రికి ఆపేయాలి.